చుక్కల మందులోని వైరస్ మారిపోతుందా? పోలియో టీకా గురించి తల్లిదండ్రులకు ఒక పాఠం



టీకాల రోజున పిల్లలను ఎత్తుకొని వచ్చే తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, మన దేశంలో పోలియో పోయిందంటారు కదా, ఇంకా ఈ చుక్కలెందుకు? పైగా ఆ చుక్కల వల్లే పోలియో వస్తుందని ఎవరో చెప్పారు. నిజమేనా?" అడిగేవారికి మేము జవాబు చెప్పి పంపిస్తాము. కొందరు అడగరు. ఆ మాట మనసులో పెట్టుకొని తర్వాతి డోసుకు రావడం మానేస్తారు. వారి కోసమే ఈ పాఠం.

ఆ మాటలో కొంచెం నిజం ఉంది. దాన్ని దాచి "భయపడకండి" అని ఊరుకుంటే ఎవరికీ మేలు జరగదు. అందుకే ఉన్నది ఉన్నట్టుగా, మొదటి నుంచి చెబుతాము.

మన జంటనగరాల్లో జరిగిన సంగతి

మన దేశంలో సహజంగా తిరిగే పోలియో వైరస్ వల్ల చివరిగా జబ్బుపడిన బిడ్డ పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప. అది 2011 జనవరి. ఆ తర్వాత మూడేళ్ళు ఒక్క కేసు కూడా లేకపోవడంతో 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు.

ఆ ప్రకటన వచ్చిన రెండేళ్ళకు, 2016 మే నెలలో, హైదరాబాదు అంబర్‌పేటలోని మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి పరీక్షకు తీసిన నీటిలో పోలియో వైరస్ కనిపించింది. అది రెండవ రకం వైరస్. సహజంగా తిరిగే రెండవ రకం ప్రపంచంలో చివరిసారి కనబడింది 1999లో, ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో. మరి హైదరాబాదు మురుగులోకి అది ఎక్కడి నుంచి వచ్చింది? పరీక్షలో తేలింది ఏమిటంటే, అది చుక్కల మందులోని వైరసే. కాకపోతే కొంతకాలం మనుషుల పేగుల్లో తిరిగి, కొంచెం మారిపోయిన వైరస్.

దాని వల్ల ఏ బిడ్డకూ కాళ్ళు చచ్చుబడలేదు. అయినా ఆరోగ్య శాఖ ఊరుకోలేదు. 2016 జూన్ 20 నుంచి 26 వరకు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో ప్రమాదం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ళ వయసు పిల్లలకు సూదితో పోలియో టీకా వేశారు. ఒక్క వారంలో 3 లక్షల మందికి పైగా పిల్లలకు టీకా అందింది. ఆ జూన్‌లో మీ బిడ్డ చేతికి చిన్న సూది వేయించిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు.

వ్యాధి ఎలా వస్తుంది?

పోలియో వైరస్ నోటి ద్వారా లోపలికి పోతుంది. పేగుల్లో పెరుగుతుంది, మలంలో బయటికి వస్తుంది. శుభ్రంగా లేని చేతులు, నీళ్ళు, ఆహారం ద్వారా మరొక బిడ్డ నోటికి చేరుతుంది. వైరస్ సోకిన పిల్లల్లో ఎక్కువమందికి ఏమీ కాదు, లేదా కొద్దిగా జ్వరం వచ్చి పోతుంది. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రం వైరస్ పేగులు దాటి రక్తంలోకి, అక్కడి నుంచి వెన్నుపాములోని నరాలకు చేరుతుంది. ఆ నరాలు చనిపోతే వాటితో కదిలే కాలో చెయ్యో మెత్తబడిపోతుంది. అలా చచ్చుబడిన దానిని తిరిగి బాగుచేసే మందు ఈనాటికీ లేదు.

ఒక బిడ్డకు కాలు చచ్చుబడిందంటే, చుట్టుపక్కల వందలాది పిల్లల్లో వైరస్ అప్పటికే ఉన్నదని అర్థం. అందుకే మురుగునీటిని పరీక్షిస్తారు. ఏ ఇంట్లో ఎవరికి సోకిందో తెలియకపోయినా, అందరి ఇళ్ళ నీరూ చేరే కాలువలో వైరస్ దొరుకుతుంది.

కోతుల దగ్గర నేర్చుకున్న పాఠం

పోలియో సహజంగా మనిషికే వచ్చే వ్యాధి. అయితే 1908లో వియన్నా నగరంలో లాండ్‌స్టైనర్, పాపర్ అనే వైద్యులు దానిని కోతులకు ఎక్కించగలిగారు. అప్పటి నుంచి పోలియో గురించి తెలిసిన సంగతుల్లో చాలా భాగం కోతుల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చినదే. 1950లలో టీకాల తయారీకి, పరీక్షలకు మన దేశం నుంచి రీసస్ కోతులు వేల సంఖ్యలో విమానాల్లో అమెరికాకు వెళ్ళేవి. 1978లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపివేసింది.

చుక్కల మందును తయారుచేసిన డాక్టర్ ఆల్బర్ట్ సేబిన్ పోలియో వైరస్‌ను కోతి కణాల్లో మళ్ళీ మళ్ళీ పెంచి, అందులో బలహీనమైన వాటిని ఏరుకుంటూ వచ్చారు. వాటిని కోతుల నరాల్లోకి నేరుగా ఎక్కించి, కాళ్ళు చచ్చుబడుతున్నాయో లేదో చూశారు. తర్వాత చింపాంజీలకు నోటి ద్వారా ఇచ్చారు. ఆ తర్వాత తాను మింగారు, తన ఇంట్లోవాళ్ళకూ ఇచ్చారు. 1959లో సోవియట్ దేశంలో లక్షలాది మందికి ఈ చుక్కలు వేశారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. చుక్కలు మింగినవారి మలంలో బయటికి వచ్చిన వైరస్‌ను తిరిగి కోతులకు ఎక్కించి చూస్తే, లోపలికి పోయిన వైరస్ కంటే అది ఒక్కోసారి కొద్దిగా బలం పుంజుకున్నట్టు సేబిన్ కాలంలోనే తెలిసింది. అంటే మనిషి పేగులో ఉన్న కొద్ది రోజుల్లోనే వైరస్ మారడం మొదలుపెడుతుంది. ఇది నిన్న మొన్న బయటపడిన రహస్యం కాదు.

వైరస్ ఎలా మారుతుంది?

మన పెద్దలు పాటలను చేతితో నోటుబుక్కులోకి దించుకొనేవారు. ఒకరి బుక్కులో ఒక అక్షరం తప్పు పడితే, ఆ బుక్కు చూసి దించుకొన్నవారికి ఆ తప్పు చేరుతుంది. వారు దించేటప్పుడు మరో తప్పు పడుతుంది. పది చేతులు మారేసరికి పాట కొంత మారిపోతుంది.

వైరస్ తనను తాను అలాగే నకలు తీసుకుంటూ పెరుగుతుంది. పోలియో వైరస్ నకలు తీసేటప్పుడు తప్పులు ఎక్కువగా పడతాయి, వాటిని దిద్దుకొనే ఏర్పాటు దానికి లేదు. చాలా తప్పుల వల్ల ఏమీ జరగదు, కొన్నిటి వల్ల వైరసే చనిపోతుంది. చుక్కల మందులోని రెండవ రకం వైరస్‌ను బలహీనంగా ఉంచే మార్పులు ముఖ్యంగా రెండే. ఆ రెండు చోట్ల తప్పు పడి పాత అక్షరం తిరిగి వస్తే, వైరస్‌కు పాత బలం తిరిగి వస్తుంది.

శాస్త్రజ్ఞులు ఈ మార్పులను లెక్కపెట్టగలరు. వైరస్ పైపొరకు చెందిన ఒక భాగంలో సుమారు 900 అక్షరాలుంటాయి. అందులో ఏడాదికి దాదాపు నూటికి ఒక అక్షరం మారుతుంది. కాబట్టి ఎన్ని అక్షరాలు మారాయో చూస్తే, ఆ వైరస్ ఎన్ని నెలలుగా తిరుగుతున్నదో చెప్పవచ్చు. రెండవ రకంలో ఆరు, అంతకు మించి అక్షరాలు మారితే దానిని "టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్" అంటారు. ఒకటవ, మూడవ రకాలకు ఆ లెక్క పది. అంబర్‌పేటలో దొరికినది ఈ తరగతికి చెందినదే.

మరి ప్రమాదం ఎంత? చుక్కలు వేసుకున్న బిడ్డకే వాటి వల్ల పక్షవాతం రావడం అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 27 లక్షల డోసులకు ఒకసారి జరుగుతుంది. చుక్కలు, సూదులు కలిసి ఎంత మేలు చేశాయో కూడా చూడండి. 1988లో ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 3.5 లక్షల మంది పోలియో వల్ల అవిటివారయ్యారు. ఇప్పుడు సహజ వైరస్ నిలిచి ఉన్న దేశాలు పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ రెండే.

వైరస్ తిరగడానికి చోటు ఎవరిస్తారు?

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. ఒక వీధిలో పిల్లలందరికీ టీకా పడిందనుకోండి. చుక్కల మందులోని వైరస్ ఒక బిడ్డ పేగుల్లో కొన్ని వారాలు ఉండి బయటికి వస్తుంది. పక్కింటి బిడ్డ నోటికి చేరినా అక్కడ ముందే రక్షణ ఉంటుంది కాబట్టి పెరగలేదు. దాని ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. ఆరు అక్షరాలు మారేంత సమయమే దానికి దొరకదు.

అదే వీధిలో టీకా లేని పిల్లలు చాలామంది ఉంటే, వైరస్ ఒకరి నుంచి ఒకరికి నెలల తరబడి తిరుగుతుంది. తిరిగిన కొద్దీ మారుతుంది. హైతీ, డొమినికన్ రిపబ్లిక్ దేశాల్లో 2000 సంవత్సరంలో ఇదే జరిగింది. టీకాలు సరిగా అందని పిల్లల మధ్య చుక్కల మందు వైరస్ మారి, పిల్లలను అవిటివారిని చేసింది. 2024 ఆగస్టులో గాజాలో పది నెలల బిడ్డకు కాలు చచ్చుబడింది. యుద్ధం వల్ల ఆ బిడ్డకు టీకాలు అందలేదు. అక్కడ పాతికేళ్ళుగా పోలియో లేదు.

కాబట్టి వైరస్‌కు చోటు దొరికేది టీకా పడని పిల్లల్లోనే. చుక్కలకు భయపడి నలుగురు మానేస్తే, ఏ ప్రమాదానికి భయపడి మానేశారో ఆ ప్రమాదమే పెరుగుతుంది.

పసిబిడ్డ ఒళ్ళు ఎలా నేర్చుకుంటుంది?

"అన్నిసార్లు ఎందుకు సిస్టర్, ఒక్కసారి వేస్తే చాలదా?" అని కూడా అడుగుతారు. బిడ్డ కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి యాంటీబాడీలు అనే రక్షక పదార్థాలు బిడ్డకు చేరతాయి. అవి కొన్ని నెలలు కాపాడతాయి, తర్వాత తగ్గిపోతాయి. ఈలోగా బిడ్డ ఒళ్ళు సొంతంగా రక్షణ తయారుచేసుకోవడం నేర్చుకోవాలి. పసి ఒంటికి ఒక్కసారి చూపిస్తే పాఠం రాదు. మళ్ళీ మళ్ళీ చూపించాలి.

మన దేశంలో ఇది మరీ అవసరమని చూపించినది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ టి. జాకబ్ జాన్ గారు. చల్లని దేశాల్లో మూడు డోసులతో దాదాపు పిల్లలందరికీ రక్షణ వస్తుంటే, మన పిల్లల్లో చాలామందికి మూడు డోసులు చాలడం లేదని 1970లలోనే ఆయన గుర్తించారు. మన పిల్లల పేగుల్లో వేరే వైరస్‌లు, విరేచనాలు కలిగించే క్రిములు ముందే ఉండి, చుక్కల మందు వైరస్‌ను పెరగనివ్వకపోవడం ఇందుకు ఒక కారణం. 1995లో మన దేశంలో పల్స్ పోలియో మొదలైనప్పుడు, "కార్డులో వేసినవి చాలవా, మళ్ళీ బూత్‌కు ఎందుకు" అని అడిగినవారికి జవాబు ఇదే.

రక్షణ రెండు చోట్ల కావాలి. ఒకటి పేగుల్లో, రెండవది రక్తంలో. చుక్కల మందు పేగుల్లో మంచి రక్షణ ఇస్తుంది, కాబట్టి వైరస్ ఇతరులకు పాకదు. సూది మందులో చనిపోయిన వైరస్ ఉంటుంది. అది మారలేదు, పక్షవాతం కలిగించలేదు. రక్తంలో మంచి రక్షణ ఇస్తుంది, కాబట్టి నరాలకు దెబ్బ తగలదు. అయితే సూది ఒక్కటే పేగుల్లో వైరస్‌ను ఆపలేదు. 2013లో ఇజ్రాయెల్ దేశపు మురుగునీటిలో పోలియో వైరస్ దొరికింది. అక్కడి చిన్నపిల్లలకు సూది టీకా మాత్రమే వేస్తుండేవారు. ఎవరికీ పక్షవాతం రాలేదు గానీ, వైరస్ మాత్రం నెలల తరబడి పిల్లల పేగుల్లో తిరిగింది. చుక్కలు ముందే పడిన పిల్లలకు తర్వాత సూది వేస్తే పేగుల్లోని రక్షణ కూడా పెరుగుతుందని 2014లో వెల్లూరులో జరిగిన అధ్యయనం చూపింది. మన పట్టికలో చుక్కలూ సూదీ రెండూ ఉండడానికి కారణం ఇదే.

2016లో చుక్కలు కాకుండా సూది ఎందుకు వేశారు?

2016 ఏప్రిల్ 25న మన దేశం చుక్కల మందులోంచి రెండవ రకం వైరస్‌ను తీసివేసింది. సహజమైన రెండవ రకం ప్రపంచంలోనే లేనప్పుడు, మారిపోయే అవకాశమున్న వైరస్‌ను పిల్లలకు ఇవ్వడం ఎందుకని ప్రపంచమంతా కలిసి తీసుకొన్న నిర్ణయం అది. ఆ తర్వాత కొన్ని వారాలకే అంబర్‌పేటలో వైరస్ దొరికింది. మళ్ళీ రెండవ రకం చుక్కలు వేస్తే కొత్త విత్తనాలు చల్లినట్టే. అందుకే సూది వేశారు. మందు తక్కువగా ఉండడంతో పూర్తి డోసులో ఐదవ వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలోనే వేశారు. చర్మంలో వైరస్‌ను పసిగట్టే కణాలు ఎక్కువ కాబట్టి తక్కువ మందు కూడా పనిచేస్తుంది. ఇలా వేసిన రెండు చిన్న డోసులు ఒక పూర్తి డోసు కంటే మంచి రక్షణ ఇస్తాయి.

దీన్ని బట్టి తల్లిదండ్రులు గమనించవలసినది ఒకటుంది. ఇప్పుడు వేసే చుక్కల్లో ఒకటవ, మూడవ రకాలే ఉన్నాయి. రెండవ రకం నుంచి మీ బిడ్డకు రక్షణ ఇచ్చేది సూది మందు మాత్రమే. "చుక్కలు వేయించాం కదా, సూది ఎందుకు, బిడ్డ ఏడుస్తుంది" అని వెనక్కి వెళ్ళిపోతే ఆ రక్షణ బిడ్డకు లేనట్టే.

వైరస్ సులువుగా మారకుండా కొత్తగా తయారుచేసిన రెండవ రకం చుక్కల మందు కూడా ఇప్పుడు ఉంది. 2021 నుంచి వైరస్ వ్యాపించిన దేశాల్లో దానిని వాడుతున్నారు. మన హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థ తయారుచేసే ఆ మందుకు 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. మన మామూలు టీకాల పట్టికలో అది లేదు.

మీ బిడ్డకు వేయించవలసినవి

1. పుట్టిన వెంటనే, వీలుకాకపోతే 15 రోజుల లోపల: చుక్కలు.
2. ఆరవ వారం: చుక్కలు, సూది.
3. పదవ వారం: చుక్కలు.
4. పద్నాలుగవ వారం: చుక్కలు, సూది.
5. తొమ్మిది నెలలు నిండాక: మూడవ సూది. ఇది 2023లో కొత్తగా చేర్చినది. అంతకు ముందు పుట్టిన పెద్దబిడ్డ కార్డుతో పోల్చుకొని "ఇది మా వాడికి వేయలేదే" అని కంగారుపడవద్దు.
6. పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య: చుక్కలు.
7. పల్స్ పోలియో ఆదివారం: కార్డులో అన్నీ పూర్తయినా సరే, ఐదేళ్ళ లోపు పిల్లలందరికీ చుక్కలు.

ఇవి కూడా గుర్తుంచుకోండి

చుక్కలు వేశాక తల్లిపాలు ఇవ్వవచ్చు. అరగంట ఆగనవసరం లేదు. కొద్దిపాటి జలుబు, దగ్గు ఉంటే టీకా మానవద్దు. బిడ్డకు విరేచనాలు అవుతుంటే, లేదా చుక్కలు వేయగానే కక్కేస్తే, సిస్టర్‌కు చెప్పండి, మళ్ళీ ఎప్పుడు వేయాలో చెబుతారు.

పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించిన బిడ్డ ఇంట్లో ఉంటే ముందుగానే డాక్టరుగారికి చెప్పండి. అటువంటివారి పేగుల్లో చుక్కల మందు వైరస్ చాలాకాలం ఉండిపోవచ్చు. బ్రిటన్‌లో ఒక వ్యక్తి నుంచి సుమారు 28 ఏళ్ళ పాటు ఆ వైరస్ వెలువడినట్టు 2015లో వెల్లడైంది.

పదిహేనేళ్ళ లోపు బిడ్డకు కాలు గానీ చెయ్యి గానీ ఉన్నట్టుండి మెత్తబడిపోతే, "సూది పడలేదు, గాలి సోకింది" అని మాలిష్‌లు చేయిస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రెండు వారాల లోపల, ఒక రోజు ఎడంతో రెండుసార్లు మలం పరీక్షకు పంపాలి. ఆలస్యమైతే వైరస్ ఉన్నదీ లేనిదీ తేలదు.

మలవిసర్జన తర్వాత, బిడ్డను కడిగిన తర్వాత, అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. బిడ్డ మలాన్ని కాలువలో పారవేయకుండా మరుగుదొడ్డిలో వేయండి.

మీ ఇంటి దగ్గర కట్టడం పనులకు వచ్చిన కుటుంబాలు గానీ, రైలు దిగి కొత్తగా ఊరికి చేరిన కుటుంబాలు గానీ ఉంటే, వారి పిల్లలకు టీకాలు ఎక్కడ వేస్తారో చెప్పండి. భాష రాకపోతే మీరే వెంటబెట్టుకొని రండి. వారి బిడ్డకు టీకా పడితే మీ బిడ్డ చుట్టూ కూడా కంచె గట్టిపడుతుంది.

ఈ రోజు ఇంటికి వెళ్ళగానే బిడ్డ టీకాల కార్డు తీసి చూడండి. పోలియో వరుసలో ఎక్కడైనా ఖాళీ కనబడితే, "వయసు దాటిపోయింది, కోప్పడతారేమో" అని సందేహించకుండా కార్డుతో రండి. ఎక్కడ ఆగారో అక్కడి నుంచే కొనసాగించవచ్చు. మొదటి నుంచి మళ్ళీ వేయనవసరం లేదు. కార్డు పోయినా రండి, కొత్తది రాసి ఇస్తాము.